యుద్ధధర్మము: నడుమ నిలిచిన సైనికుడు



నేడు నేను మీకు విన్నవింపదలచిన విషయము యుద్ధధర్మము. ఈ మాట వినినంతనే కొందఱు చిఱునవ్వు నవ్వుదురు. యుద్ధమనగా చంపుట, చచ్చుట, అందు ధర్మమెక్కడిది? పులి శాస్త్రము చూచి మేకను పట్టునా? అని వారి ప్రశ్న. మఱికొందఱు, ధర్మము న్యాయము అనునవి ఇంటిలో సుఖముగా కూర్చుండువారు కల్పించిన మాటలనియు, తుపాకి పట్టి బురదలో నిలిచినవానికి అవి కాలి సంకెళ్లనియు పలుకుదురు. ఈ రెండభిప్రాయములు పైకి వేఱుగా కనబడినను లోపల ఒక్కటియే. యుద్ధము తెలిసినవాడు ధర్మము నడుగడనియు, ధర్మము నడుగువాడు యుద్ధ మెఱుగడనియు వీరి తాత్పర్యము.

నేను తుపాకి పట్టినవాడను కాను. ముప్పదియైదేండ్లు నల్లబల్లమీద సుద్దముక్కతో వ్రాసినవాడను. కావున ఈ విషయమున నా యనుభవమును ప్రమాణముగా చూపజాలను. యుద్ధమును కన్నులార చూచినవారి సాక్ష్యమునే మీ ముందుంచెదను. ఆ సాక్ష్యము పై యభిప్రాయమునకు నేరుగా ఎదురైనది. యుద్ధమునకు హద్దులు గీచినవారిలోను, ఆ హద్దులు మీఱినప్పుడు అడ్డుపడినవారిలోను ముందు నిలిచినవారు పలువురు సైనికులే.

మొదట మన యింటి గ్రంథమును విప్పుదము. భారతయుద్ధ మారంభ మగుటకు ముందు ఉభయపక్షములవారును కూడి ఒక కట్టుబాటు చేసికొనిన వృత్తాంతము భీష్మపర్వమున కలదు. రథికుడు రథికునితోడను, రౌతు రౌతుతోడను, కాల్బంటు కాల్బంటుతోడను పోరవలెను. హెచ్చరింపక కొట్టరాదు. వేఱొకనితో పోరుచున్నవానిని, వెనుదిరిగినవానిని, ఆయుధము విఱిగినవానిని, కవచము లేనివానిని చంపరాదు. సారథులను, బరువు మోయు పశువులను, ఆయుధము లందించువారిని, భేరీశంఖములు మ్రోయించువారిని కొట్టరాదు. మనుస్మృతి సప్తమాధ్యాయమునందును ఇట్టి నియమములే కలవు. విషము పూసిన బాణములు వాడరాదు. చేతులు జోడించినవానిని, కూర్చున్నవానిని, నిద్రించువానిని, నీవాడనని శరణు చొచ్చినవానిని, పోరక చూచుచు నిలిచినవానిని చంపరాదు.

ఈ పట్టికను తరగతిలో చెప్పునప్పుడు ఒక బాలుడు, "కూర్చున్నవానిని ఏల చంపరాదండీ?" అని యడిగెను. అది మంచి ప్రశ్న. కూర్చున్నవాడు పోరుట మానినవాడు. ఈ పట్టికలోని పెక్కు నియమములకు మూల మా యొక్క మాటయే. పోరుచున్నవాడు వేఱు, పోరనివాడు, పోరలేనివాడు వేఱు. మొదటివానిపై ఆయుధ మెత్తుట యుద్ధము. రెండవవానిపై ఎత్తుట హత్య. నేటి అంతర్జాతీయ యుద్ధశాసనములకును ఈ భేదమే పునాది.

కట్టుబాటు చేసికొనినవారు దానిని నిలుపుకొనిరా? నిలుపుకొనలేదు. శిఖండిని ముందుంచుకొని భీష్ముని పడగొట్టిరి. కొడుకు చచ్చెనను మాటకు కుంగి అస్త్రములు విడిచిన ద్రోణుని తల నఱికిరి. అంతకుముందే ఒంటరియైన అభిమన్యుని పెక్కండ్రు చుట్టుముట్టి చంపిరి. నేలక్రుంగిన రథచక్రము నెత్తుచుండగా కర్ణుని కొట్టిరి. గదాయుద్ధమున నాభి క్రింద కొట్టరాదనగా దుర్యోధనుని తొడలు విఱుగగొట్టిరి. ఒక్కొక్కమారు ఒక్కొక్క కారణము చెప్పిరి. తుదకు సౌప్తికపర్వము వచ్చెను.

ఆ రాత్రి అశ్వత్థామ నిద్రించుచున్న పాండవశిబిరముపై పడదలచినప్పుడు మేనమామయైన కృపాచార్యుడు వారించెను. నిద్రించువానిని చంపుట మహాపాపమనియు, తెల్లవాఱిన పిదప పోరుదమనియు హితము చెప్పెను. అశ్వత్థామ సమాధాన మేమి? ధర్మపు గట్టును ముందుగా తెంచినవారు పాండవులే గదా, ఇక నాకు మాత్రము కట్టుబా టేల అని అతని వాదము. శ్రోతలారా! ఈ వాదమును గుర్తుంచుకొనుడు. లోకమున జరిగిన యుద్ధనేరములలో పెక్కింటికి ఇదియే మంగళాచరణము. నేను క్రూరుడను గావున చంపుచున్నా నని పలుకువాడు అరుదు. వారు ముందు చేసిరి గావున చేయుచున్నా ననియే పలుకుదురు.

మన పౌరాణికులు త్వరగా దాటిపోవు ఘట్ట మొకటి దీని తరువాత కలదు. ధర్మము చెప్పిన కృపాచార్యు డేమి చేసెను? అశ్వత్థామ లోపలికి పోయి ధృష్టద్యుమ్నుని, శిఖండిని, ద్రౌపది కొడుకుల నైదుగురిని చంపుచుండగా, కృపుడును కృతవర్మయు శిబిరద్వారమున నిలిచి, ప్రాణభీతితో వెలుపలికి పరువెత్తి వచ్చినవారిని నఱికిరి. తప్పని చెప్పిన నోరును, ద్వారమున కత్తి పట్టిన చేయియు ఒక్కనివే. ధర్మము తెలియుటకును ధర్మమును పట్టి నిలుచుటకును నడుమ ఎంత దూర మున్నదో వ్యాసు డీ యొక్క ఘట్టమున చూపినాడు.

ఇక మన కాలమునకు సమీపమునకు వత్తము. నేటి యుద్ధశాసనములకు మూలమైన గ్రంథములలో ఒకటి అమెరికాలో 1863వ సంవత్సరమున పుట్టినది. అప్పు డచట ఉత్తర దక్షిణ రాష్ట్రములకు అంతర్యుద్ధము జరుగుచుండెను. అధ్యక్షుడు అబ్రహాం లింకను తన సేనలకొఱకు 157 నిబంధనలుగల యొక శాసనమును ప్రకటించెను. దానిని రచించినవాడు ఫ్రాన్సిస్ లీబరు అను ఆచార్యుడు. ఆచార్యు డనగానే నావలె సుద్దముక్క పట్టినవా డని తలపకుడు. అతడు ప్రష్యాలో పుట్టి, చిన్నతనముననే సైన్యమున చేరి, 1815లో నెపోలియను పైని యుద్ధమున నమూరువద్ద తీవ్రముగా గాయపడినవాడు. అమెరికా అంతర్యుద్ధమున అతని కొడుకులు ఇరుపక్షములందును పోరిరి. దక్షిణపక్షమున చేరిన పెద్దకొడుకు మరణించెను. ఉత్తరపక్షమున నున్న మఱియొక కొడుకు చేయి కోల్పోయెను. అట్టి తండ్రి కూర్చుండి, లొంగినవానిని చంపరాదు, విషము వాడరాదు, క్రౌర్యమునకు సైనికావసరమను పేరు పెట్టరాదు అని వ్రాసెను. ఆ మరుసటి సంవత్సరము, అనగా 1864లో, క్షతగాత్రుల రక్షణకై జెనీవాలో మొదటి ఒడంబడిక జరిగెను. పిదప 1899, 1907 సంవత్సరములలో హేగు ఒడంబడికలును, రెండవ ప్రపంచయుద్ధానంతరము 1949లో జెనీవా ఒడంబడికలు నాలుగును వెలసెను.

శాసనములు వెలసెను సరే. అవి పొలముగట్టుమీద, పూరియింటి ముంగిట ఎట్లు నిలుచును? దీనికి ప్రత్యుత్తరముగా ఒక సైనికుని కథ చెప్పెదను. అతని పేరు హ్యూ థాంసన్. అమెరికాలోని జార్జియా రాష్ట్రమువాడు, హెలికాప్టరు నడపు సైనికుడు. 1968లో వియత్నాం యుద్ధమున నుండెను. అప్పటి కతని వయస్సు 24 ఏండ్లు.

ఆ దేశమున క్వాంగ్ న్గాయ్ మండలమున సన్ మి అను గ్రామ మున్నది. దాని పల్లెలలో నొకటి మైలాయి. 1968 మార్చి 16వ తేదీ ఉదయమున చార్లీ కంపెనీ అను అమెరికను పదాతిదళ మా పల్లెలో ప్రవేశించెను. శత్రుదళ మొకటి అచట నున్నదని వారికి చెప్పియుండిరి. ఆ కంపెనీవారు వియత్నాము చేరి మూడునెల్లు దాటెను. ఆ కాలమున కనబడని శత్రువు పాతిపెట్టిన మందుపాతరలవలన తోడివారిని పోగొట్టుకొనియుండిరి. రెండు దినములకు ముందే అట్లొక సార్జెంటు మరణించెను. కోపము, భయము, దుఃఖము వారి హృదయములలో మూటగట్టియుండెను. అశ్వత్థామ మనస్సున నున్న మూటయే యది. పల్లెలో శత్రుదళము లేదు. వృద్ధులు, స్త్రీలు, బిడ్డలు ఉదయపు వంట చేసికొనుచుండిరి. ఎదురుకాల్పు లేవియు లేవు. ఐనను వారిని ఇండ్లలోను, బాటలపైనను, కాలువలో గుంపులుగా నిలిపియు కాల్చి చంపిరి. అమెరికను సైన్యము లెక్కపెట్టినవారు 347 మంది. వియత్నామీయులు ఆ గ్రామమున స్మారకముపై చెక్కిన లెక్క 504. దొరకిన ఆయుధములు మూడు.

ఆ సైనికులకు శాసనము తెలియదా? లొంగినవారి నెట్లు చూడవలెనో, ప్రజలతో నెట్లు మెలగవలెనో తెలుపు చిన్న అచ్చుకార్డులు వియత్నాములోని అమెరికను సైనికులకు పంచిపెట్టబడియుండెను. శాసనము జేబులో నుండెను. కొందఱు సైనికులు కాల్చుమనినను కాల్చక తుపాకి దించిరి. వారిని మఱవరాదు. కాని దించి ఊరకుండిరి; ఆపజాలకపోయిరి.

థాంసన్ తన చిన్న హెలికాప్టరులో ఆ పల్లెపై తిరుగుచుండెను. అతనితో నున్నవారు ఇరువురు: గ్లెన్ ఆండ్రియోటా, వయస్సు 20, లారెన్స్ కోల్బర్న్, వయస్సు 18. గాయపడిన గ్రామస్థులు కనబడినచోట్ల, వైద్యులు వచ్చి చూతురను నమ్మకముతో, వా రాకుపచ్చని పొగ గుర్తులు వేసిరి. మరల వచ్చి చూచునప్పటికి ఆ గాయపడినవారు చంపబడియుండిరి. కాలువలో శవములు గుట్టగా నుండుట చూచి థాంసన్ దిగి, అచట నున్న అధికారితో వాదించెను. ప్రయోజనము లేకపోయెను. మరల ఎగిరిన పిదప, ఒక నేలమాళిగలో దాగిన కొందఱు వృద్ధులు, స్త్రీలు, బిడ్డలవైపు తమ సైనికులే తుపాకులతో నడచుచుండుట చూచెను.

అప్పు డతడు చేసిన పని సైనికచరిత్రలో అరుదైనది. హెలికాప్టరును ఆ సైనికులకును ఆ నేలమాళిగకును నడుమ దించెను. తన సొంత సైనికులు ఆ గ్రామస్థులపై కాల్పులు జరిపినచో వారిపై కాల్చుడని తనతోడి యిరువురకు చెప్పి, తాను తుపాకి చేత పట్టక ఆ నేలమాళిగకు నడచి, లోపలివారిని ఒక్కొక్కరిని సైగలతో వెలుపలికి రప్పించెను. పెద్ద హెలికాప్టరు నడపు మిత్రులను వేడి, వారిని రెండు విడతలుగా సురక్షితస్థలమునకు పంపెను. పిమ్మట కాలువలో కదలిక కనబడగా మరల దిగిరి. ఆండ్రియోటా ఆ శవములలో మోకాలిలోతు దిగి, బ్రతికియున్న ఒక బాలుని వెలికిదీసెను. ఆ బాలుని ఆసుపత్రికి చేర్చి, స్థావరమునకు పోయి, థాంసన్ తన పై యధికారులకు సమస్తము బిగ్గఱగా చెప్పెను. ఆ ఫిర్యాదు పైకి పోయిన పిమ్మటనే కాల్పులు మానుడను ఉత్తరువు వెలువడెను.

కృపాచార్యుడు సకలశాస్త్రవేత్త. థాంసన్ ఏ శాస్త్రమును గురుముఖమున అభ్యసించినవాడు కాడు. ఒకడు ద్వారమున నిలిచెను. ఒకడు నడుమ నిలిచెను.

తరువాత జరిగినది వినుడు. శత్రువులు 128 మంది హతులైరని అధికారులు విజయవార్త ప్రకటించిరి. థాంసనుకు పతక మొక టిచ్చిరి. ఎదురుకాల్పుల నడుమ బాలుని రక్షించె నని దానితోడి పత్రమున వ్రాసిరి. ఎదురుకాల్పులే లేని దినమున ఎదురుకాల్పులు! అతడా పతకమును పాఱవైచెను. ఆండ్రియోటా నాలుగు వారములు తిరుగకముందే యుద్ధమున మరణించెను. విషయ మొక సంవత్సరము కప్పబడియుండెను. దానిని వెలికిదీసినవాడు రాన్ రైడెన్‌హవర్ అను మఱియొక సైనికుడు. అతడు మైలాయిలో లేడు. తోడి సైనికుల నోట విని, వివరములు కూడబెట్టి, ఇంటికి వచ్చిన పిదప 1969 మార్చిలో ప్రభుత్వమునకును శాసనసభ్యులకును లేఖలు వ్రాసెను. ఆ సంవత్సరము నవంబరులో పాత్రికేయుడు సీమోర్ హెర్ష్ దానిని లోకమునకు తెలిపెను. కప్పిపుచ్చినవా రెవరో విచారించి వ్రాసినవాడు జనరల్ విలియం పీర్స్. అతడును రెండవ ప్రపంచయుద్ధమున బర్మారంగమున పోరినవాడే.

చార్లీ కంపెనీలోని లెఫ్టినెంటు విలియం కాలీపై సైనికన్యాయస్థానమున విచారణ జరిగెను. పై యధికారి ఆజ్ఞాపించెను, నేను చేసితిని అని అతని సమాధానము. ఇది రెండవ సాకు. మొదటిది, వారు ముందు చేసిరనుట; రెండవది, పైవారు చేయుమనిరనుట. ఈ రెండవ సాకునకును అప్పటికే సమాధానము కలదు. 1918లో జర్మను జలాంతర్గామి యొకటి లాండోవరీ క్యాజిల్ అను ఆసుపత్రి ఓడను ముంచి, పడవలలో నెక్కి బ్రతుకజూచినవారిపై కాల్పులు జరిపెను. 1921లో లైప్సిగు నగరమున జర్మను న్యాయమూర్తులే ఇరువురు జర్మను అధికారులకు శిక్ష విధించిరి. సర్వులకును తప్పని తెలిసిన ఆజ్ఞను పాటించుట నేరమే యని వారి తీర్పు. రెండవ ప్రపంచయుద్ధానంతరము న్యూరెంబర్గు విచారణలయందును ఇదియే స్థిరపడెను. కాలీకి తీర్పు చెప్పిన ఆఱుగురును సైనికాధికారులు. వారిలో ఐదుగురు వియత్నాము చూచి వచ్చినవారు. 1971 మార్చిలో వా రతనిని 22 మంది హత్యకు దోషిగా నిర్ణయించి యావజ్జీవశిక్ష విధించిరి. ఆ బురదలో నడచినవారే, బురద సాకు కాదని చెప్పిరి.

ఇచట నొక సందేహము కలుగును. చంపినవారును సైనికులే, ఆపినవారును సైనికులే, తీర్పు చెప్పినవారును సైనికులే. మఱి మిగిలిన జనులేమి చేసిరి? ఈ ప్రశ్నకు సమాధానమే నన్నీ ప్రసంగమునకు పురికొల్పినది. కాలీకి శిక్ష పడగానే అమెరికాలో ఇండ్లలో నున్న జనులనుండి, అతనిని విడువుడని ప్రభుత్వమునకు తంతులు వెల్లువగా వచ్చెను. అతనిని కీర్తించు పాట యొకటి అచ్చయి విపరీతముగా అమ్ముడుపోయెను. అధ్యక్షుడు నిక్సన్ అతనిని చెఱసాలనుండి తప్పించి స్వగృహనిర్బంధమున నుంచెను. శిక్ష క్రమముగా తగ్గింపబడి, మూడున్నర యేండ్లలో అతడు బయటపడెను. ఆ మారణమునకు న్యాయస్థానమున శిక్ష పడినది అతనికొక్కనికే. ప్రభుత్వపక్షమున వాదించిన యువ కెప్టెను ఆబ్రీ డేనియల్, ఇట్టి విషయమున ధర్మాధర్మములు జనులకు కనబడకపోవుట ఘోరమని అధ్యక్షునికే లేఖ వ్రాసెను. మఱి నడుమ నిలిచిన థాంసనుకు? బెదిరింపులు వచ్చెను. చచ్చిన జంతువులను తెచ్చి అతని ఇంటి అరుగుపై వేసిరి. అతడు దేశద్రోహి యని దూషించిరి. ముప్పదియేండ్లు గడచిన పిమ్మట, 1998 మార్చిలో, సైన్యము థాంసనుకును కోల్బర్నుకును, మరణించిన ఆండ్రియోటాకును సైనికపతకము లిచ్చి గౌరవించెను. థాంసన్ 2006లోను, కోల్బర్న్ 2016లోను మరణించిరి. కాలీ 2009లో బహిరంగముగా పశ్చాత్తాపము తెలిపి, 2024లో మరణించెను.

నాయొద్ద చదువుకొని పదాతిదళమున చేరి, సుబేదారుగా విశ్రాంతి పొందిన శిష్యు డొకడు మా యూరనే కలడు. ఈ నియమములు రణరంగమున మీ చేతులు కట్టివేయవా యని యొకనా డతని నడిగితిని. అతడు కొంతసేపు ఆలోచించి యిట్లనెను: "మాస్టారూ! తుపాకి పడవేసినవానిని చంపుదు మని శత్రువునకు తెలిసినచో ఇక నెవడును పడవేయడు. కడవఱకు పోరును. ఆ పోరులో పోవువారు మావారే. మఱియొక మాట. కోపము వచ్చిననాడు నియమము గుర్తునకు రాదు. అందువలననే కోపము లేనినాడు దానిని చేతికి అలవాటు చేయుదురు. మీరు మాచేత ఎక్కములు వల్లె వేయించిన ట్లనుకొనుడు." నా శిష్యుడు నాకు చెప్పిన పాఠమిది.

అతని మొదటి మాటకు మన దేశచరిత్రలోనే నిదర్శనము కలదు. 1971 డిసెంబరు 16వ తేదీన ఢాకాలో పాకిస్తాను సైన్యము మన సైన్యమునకు లొంగిపోయెను. సైనికులును ఇతరులును కలిసి దాదాపు 93,000 మంది మన చేతిలో పడిరి. ఆ సైన్యము తూర్పు బంగాళమున చేసిన ఘోరకృత్యములు లోక మెఱిగినవే. ఐనను జెనీవా ఒడంబడిక ననుసరించి వారిని బందీలుగా కాపాడి, 1974 నాటికి ఇండ్లకు పంపిరి. వారిలో 195 మందిని యుద్ధనేరములకై విచారింపవలెనని బంగ్లాదేశము కోరెను గాని, 1974 ఒప్పందముతో ఆ విచారణ విరమింపబడెను. బందీలను కాపాడుట నెఱవేఱెను. నేరమునకు విచారణ నెఱవేఱలేదు. యుద్ధధర్మము తఱచుగా ఇట్లు సగము దారిలో నిలుచును.

వారు చేసిరి గావున మేము చేయుదు మను వాదమునకు 1949 నాటి ఒడంబడికలు ద్వారము మూసినవి. బందీలపైనను, గాయపడినవారిపైనను, తన చేతిలోనున్న పౌరులపైనను ప్రతీకారము నిషిద్ధము. ఎదుటివాడు ధర్మము తప్పెనని మన ధర్మము రద్దగు నను నియమ మందు లేదు. ఇదేమి కొత్త? మన భాగవతమున పోతన ఎంత కరుణతో చెప్పినాడు! అయిదుగురు కొడుకులను నిద్రలో చంపిన అశ్వత్థామను అర్జునుడు పట్టి, కట్టి, ద్రౌపది ముందు నిలిపెను. ఆమె గుండె మండుచున్నది. ఐనను, కొడుకులు పోయిన నావలె ఇతని తల్లి కృపియు ఏడ్వవలదు, విడువు డనెను. అట్లని దోషిని ఊరక పోనీయలేదు. తల గొఱిగించి, శిరోమణిని తీసికొని, శిబిరమునుండి వెడలగొట్టిరి. చేతిలో పడినవానిని చంపకుండుటయు, చేసిన నేరమునకు శిక్ష విధించుటయు ఒకచోటనే జరిగినవి.

నేటి స్థితిని మీనుండి దాచను. యుద్ధనేరములను విచారించుటకై 1998లో రోమునగరమున జరిగిన ఒడంబడికననుసరించి అంతర్జాతీయ న్యాయస్థాన మొకటి హేగు నగరమున 2002 నుండి పనిచేయుచున్నది. కాని అమెరికా, రష్యా, చైనా, మన దేశము కూడ అందు సభ్యులుగా చేరలేదు. బలవంతుని పట్టి నిలబెట్టు న్యాయస్థానము లోకమున ఇంకను బలపడలేదు. కావున నొక పల్లెలో నొక ఉదయమున ఆ శాసనము నిలుచుట, పడిపోవుట, అచట నున్న ఇరువదియేండ్ల పిల్లవానిపై ఆధారపడియున్నది. ఆ పిల్లవాడు ఇంటినుండి ఏ మాటలు మూటగట్టుకొని పోయెనో, వాటిపై ఆధారపడియున్నది.

ఖడ్గతిక్కన కథ మీ రెఱిగినదే. నెల్లూరి మనుమసిద్ధి సేనాని యైన యా వీరుడు యుద్ధమునుండి తిరిగివచ్చినప్పుడు, భార్య స్నానమునకు మంచము మఱుగు పెట్టి పసుపుముద్ద నుంచెననియు, తల్లి విఱిగిన పాలు పోసెననియు చెప్పుదురు. అతడు మరల యుద్ధమునకు పోయి మరణించెను. వెనుదిరిగినవానిని ఇంటివారి మాట తిరిగి రణమునకు పంపగలిగెను. అంత బలము గల ఇంటిమాట, శరణన్నవానిపై ఎత్తిన చేతిని ఆపలేదా? మన తల్లులు, తండ్రులు, ఉపాధ్యాయులు సైన్యమునకు పోవు పిల్లవానితో, వెన్ను చూపకు మని చెప్పుదురు. శరణన్నవానిని కాపాడుమని కూడ చెప్పినచో ఎంత బాగుండును!

ఈ బాధ్యత సైనికునిది మాత్రమే యని మనము తప్పించుకొనజాలము. థాంసన్ అరుగుపై చచ్చిన జంతువులను వేసిన చేతులు రణరంగమునుండి వచ్చినవి కావు. ఇరుగుపొరుగు ఇండ్లనుండి వచ్చినవి. మనదేశమున గాని, మఱియే దేశమున గాని యుద్ధవార్తలు వచ్చుచుండగా, మనవారు చేసినదంతయు ఒప్పు, చేయరానిదని పలికినవాడు ద్రోహి అని మనము వీథి అరుగుపైనను, చేతిలోని ఫోనులోను పలుకుచున్నప్పుడు, కృపాచార్యునితో కూడి మనమును ఆ ద్వారమున నిలిచినవార మగుచున్నాము. సైనికుని గౌరవింపవలెను. ఐనను అతని గౌరవమును నిలిపినవాడు కాలీయా, థాంసనా యని విడదీసి చూడవలెను. అట్లు చూడగల జనము వెనుక నున్న సైనికునకు నడుమ నిలుచుటకు ధైర్యము కలుగును. అట్టి జనము లేనినాడు అతడు ఒంటరియై నిలువవలెను. థాంసన్ ముప్పదియేండ్లు అట్లే నిలిచెను.

1998లో థాంసన్, కోల్బర్న్ మైలాయికి పోయి, ఆనాడు తాము నేలమాళిగనుండి తప్పించినవారిలో కొందఱిని చూచి వచ్చిరి. 2001లో ఆ కాలువనుండి తీసిన బాలుని, అప్పటికి పెరిగి పెద్దవాడైనవానిని, కలిసికొనిరి. యుద్ధధర్మము వలన ప్రయోజన మేమి యని అడుగువారికి నేను ఆ కొలదిమందిని చూపుదును. 504 పేర్ల ముందు వారు చాల తక్కువ. కాని వారు బ్రతికియుండిరి.

ఇంతటితో నా ప్రసంగము ముగించుచున్నాను.